ఇచ్చుట వేఱు, ఇప్పించుట వేఱు

అక్టోబరు నెల దగ్గఱ పడిందంటే మా కొండాపురం, గచ్చిబౌలి, నల్లగండ్ల ప్రాంతాలలోని కొన్ని శిశువిహారాల నుండి ఇండ్లకు ఒక తాఖీదు బయలుదేఱుతుంది. శిశువిహారమంటే ఇక్కడివారికి అర్థం కాదు గనుక ప్లేస్కూలు అనే అందాం. ఆ తాఖీదు ఆంగ్లంలో ఉంటుంది. దాని సారాంశాన్ని తెలిగించి చెబుతాను: "మీ చిన్నారికి మిక్కిలి ఇష్టమైన ఆటబొమ్మ ఒకటి శుక్రవారం నాడు పంపగలరు. పేదపిల్లల కొఱకు దానిని చిన్నారి చేతనే పెట్టెలో వేయిస్తాము. ఏడ్చినా జంకవద్దు. చెప్పినమాట వినడమూ త్యాగబుద్ధీ ఒకేసారి అలవడతాయి."

మూడేళ్ళవాడికి త్యాగబుద్ధి. అదీ శుక్రవారం నాడు, పదిన్నరకు, ఛాయాగ్రాహకుడి సమక్షంలో.

మిత్రులారా, దేశమంతటా 2009లో మొదలై, తరువాత దాన్ ఉత్సవ్ అని పేరు మార్చుకొని, అక్టోబరు 2 నుండి 8 వఱకు జరుగుతున్న దానవారోత్సవం మీద నాకు పేచీ లేదు. పెద్దవాళ్ళు తమ సొమ్ము, తమ కాలం, తమ రక్తం ఇస్తే ఇవ్వనీయండి, సంతోషమే. నా పేచీ అంతా పిల్లల చేతిలోని బొమ్మ ఊడబెఱికి దానికి పుణ్యం అని పేరు పెట్టడంతోనే. ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా తఱగతి గదులలో నిలబడినవాణ్ణి. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక్కడికి తఱచు వచ్చేవారికి నా వ్యాకరణపు పిచ్చి తెలిసినదే కాబట్టి అక్కడి నుండే మొదలుపెడతాను. "అబ్బాయి బొమ్మను ఇచ్చాడు" అన్నది ఒక వాక్యం. "అమ్మ అబ్బాయిచేత బొమ్మను ఇప్పించింది" అన్నది మఱొక వాక్యం. మొదటిదానిలో అబ్బాయి కర్త. రెండవదానిలో వాడికి పట్టిన గతి చూడండి: "చేత" అన్న తృతీయ వాడిని పట్టుకొని, ఇంచుమించు కత్తిచేత కోసినట్లు, వాడిచేత ఇప్పించింది. మన వైయాకరణులు మర్యాద తెలిసినవారు గనుక వాడిని ప్రయోజ్యకర్త అన్నారు. కాని కర్త లక్షణం స్వాతంత్ర్యమని పాణిని ఏనాడో తేల్చి చెప్పాడు. స్వాతంత్ర్యం లేని చోట ఉన్నది చేతులు మాత్రమే. ఆ పెట్టెలో బొమ్మను వేసినవి వాడి చేతులు. ఇచ్చినవాడు వాడు కాడు.

ఇంకొక మెట్టు దిగుదాం. దానమంటే ఏమిటని ధర్మశాస్త్రకారులను అడిగితే వారు చెప్పేది ఇది: తనకు ఆ వస్తువుపై గల స్వత్వాన్ని తానుగా విడిచి, ఇతరునికి స్వత్వాన్ని కలిగించడం. ముందు స్వత్వం ఉండాలి, అంటే అది నాది అన్న ఎఱుక, దానిపై అధికారం. అటుపిమ్మట విడవడం. సంస్కృత వ్యాకరణంలో సంప్రదాన కారకం చర్చకు వచ్చినప్పుడు, రజకునికి ఉతకడానికి బట్టలు ఇవ్వడం అసలు ఇవ్వడమే కాదని కొందఱు వాదించారు, యజమానికి స్వత్వం పోలేదు కాబట్టి. మన తెలుగు ఇంకా తెలివైనది: చాకలికి బట్టలు "వేశాము" అంటామే తప్ప ఇచ్చాము అనము. ప్లేస్కూలువారి తాఖీదులో కూడ "వేయిస్తాము" అన్న అర్థమే ఉన్నది. తెలియక నిజం చెప్పారు.

మఱి మూడేళ్ళ పిల్లవాడికి తన బొమ్మపై స్వత్వం ఉన్నదా? ఉన్నదంటే, దానిని ఎప్పుడు విడవాలో, అసలు విడవాలో వద్దో చెప్పవలసినది వాడు. లేదంటే, అది తల్లిదండ్రుల సొమ్ము, దానం చేసినదీ తల్లిదండ్రులే. ఆ పక్షాన పిల్లవాడిని వరుసలో నిలబెట్టి ఏడిపించడం దేనికి? ఈ రెండింటికీ మధ్య మూడవ దారి నాకు కనబడలేదు. తెలిసినవారు చెబితే వింటాను.

పురాణాల మాట ఎత్తేవారు కూడ ఉన్నారు. పిల్లలకు బలిచక్రవర్తి కథ చెప్పి, ఆ వెంటనే పెట్టె దగ్గఱకు నడిపించారట ఒకచోట. పోతన భాగవతంలో అష్టమస్కంధం చదివినవారు ఈ మాటకు నవ్వుకోవాలి. బలి దానం చేసినది ఎవరు ఇమ్మంటే? ఎవరూ ఇమ్మనలేదు సరిగదా, సాక్షాత్తు గురువు శుక్రాచార్యుడు ఇవ్వవద్దన్నాడు. అడుగుతున్నది ఎవరో చెప్పాడు, నష్టం చెప్పాడు, కాదంటే శపించాడు. అయినా ఇచ్చాడు. చెప్పినమాట విననందుకే అది దానమైంది. మన వాఙ్మయంలోకెల్ల గొప్ప దాతను తెచ్చి విధేయతకు ఉదాహరణగా నిలబెట్టడం ఎంత వింత!

ఆ ప్లేస్కూలువారు చెప్పవలసిన కథ వేఱే ఉన్నది. కఠోపనిషత్తులోని నచికేతుడి కథ. తండ్రి యజ్ఞం చేసి దక్షిణగా గోవులను ఇస్తున్నాడు. మేత మేయడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ముసలి గోవులు అవి. ఇంట్లో అందఱూ చూస్తూ ఊరకున్నారు. పసివాడు మాత్రం చూడలేకపోయాడు. నన్ను ఎవరికి ఇస్తావని మఱల మఱల అడిగాడు. తండ్రికి కోపం వచ్చి యముడికి ఇస్తానన్నాడు. ఈ కథ నేటి పెట్టె చుట్టూ మఱల జరుగుతున్నది. తాఖీదులో "మిక్కిలి ఇష్టమైన" అని ఉన్నా, లోకజ్ఞానం ఉన్న తల్లి చక్రం విఱిగిన కారో, కన్ను ఊడిన ఎలుగుబంటో పంపుతుంది. ఇంకా లోకజ్ఞానం ఉన్న తల్లి ముందురోజు రాత్రి ఫోనులో ఒక ప్లాస్టిక్కు బాతును తెప్పించి, తెల్లవాఱి దానినే ఇష్టమైన బొమ్మ అనమని పిల్లకు నేర్పుతుంది. పసిపిల్లలు ఇవన్నీ చూస్తారు. నచికేతుడిలా అడగరు, అంతే.

తాఖీదును అక్షరాలా పాటించిన ఇల్లు మాది. మా మనుమడికి నాలుగేళ్ళు. వాడి ప్రాణమంతా శిల్పారామంలో కొన్న ఒక ఏటికొప్పాక లక్కబండి మీద. వరాహనది ఒడ్డున అంకుడు కఱ్ఱను తరిణె పట్టి, లక్క రంగు ఎక్కించి చేసినది. మూల కోసుకోదు, రంగు నోట్లో పడినా భయం లేదు. కోడలు ఆఫీసు నుండి రాత్రి తొమ్మిదింటికి వచ్చి, తాఖీదు చదివి, మనసు రాకపోయినా బండిని సంచిలో పెట్టింది. ఆమెను నేనేమీ అనను. పాఠశాల చెప్పిందంటే పాటించాలని నేర్పిన తరం మాది. శుక్రవారం వాడు పెట్టెలో వేశాడు, ఒక నక్షత్రం అంటించుకొని వచ్చాడు. మఱునాటి నుండి మిగిలిన బొమ్మలన్నీ మంచం వెనుక గోడసందులో దాచడం మొదలుపెట్టాడు. ప్రతి ఉదయం నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "తాతా, ఇవాళ శుక్రవారమా?"

త్యాగబుద్ధి అలవడిన లక్షణాలు ఇవేనా అని నాకు సందేహం వచ్చి, ఈ విషయమై జరిగిన పరిశోధనలను వెదికి చదివాను. తెలుగు పండితుడికి మనస్తత్వశాస్త్రం దేనికి అనకండి. విశ్రాంత జీవితంలో ఉన్నదే చదువు.

ఎలియట్ ఆరన్సన్, మెరిల్ కార్ల్‌స్మిత్ అనే ఇద్దఱు 1963లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. నాలుగేళ్ళ ప్రాయపు పిల్లలు 22 మంది. కొన్ని బొమ్మలు చూపించి, వాటిలో బాగా ఇష్టమైన ఒకదానితో ఆడవద్దన్నారు. ఒకసారి మెల్లగా, ఆడితే నాకు కాస్త కష్టంగా ఉంటుందని. ఇంకొకసారి గట్టిగా, ఆడితే నాకు చాలా కోపం వస్తుంది, బొమ్మలన్నీ తీసుకొని వెళ్ళిపోతానని. రెండు సందర్భాలలోనూ పిల్లలు దానిని ముట్టలేదు. పైకి చూస్తే రెండు పద్ధతులూ ఫలించినట్లే. కాని తరువాత ఆ బొమ్మ ఎంత ఇష్టమని అడిగితే, మెత్తగా చెప్పించుకొన్నప్పుడు ఎనిమిదిమందికి దానిపై మోజు తగ్గింది. గట్టిగా బెదిరించినప్పుడు ఒక్కరికీ తగ్గలేదు, 14 మందికి పెరిగింది. 1965లో జొనాథన్ ఫ్రీడ్‌మన్ ఇంకొంచెం పెద్దపిల్లలతో, ఒక మఱబొమ్మతో ఇటువంటిదే చేసి, కొన్ని వారాల తరువాత ఎవరూ వద్దనకుండా అదే బొమ్మను మఱల ముందు పెట్టాడు. బెదిరింపు విన్నవారిలో మూడింట రెండు వంతులమంది దానితో ఆడారు. మెల్లగా చెప్పినవారిలో అందులో సగం మంది కూడ ఆడలేదు.

దీనిని చూసి "అయితే మెల్లగా చెప్పి లాక్కోవచ్చునన్నమాట" అనే మేధావి మనలో తప్పక ఉంటాడు. నాయనా, అవి వద్దనడం గుఱించిన ప్రయోగాలు, ఇవ్వడం గుఱించినవి కావు. ఇవ్వడం గుఱించి కావాలంటే 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన నాడియా చెర్న్యాక్, తమార్ కుష్నిర్ చేసినది ఉన్నది. బడికి వెళ్ళని వయసు పిల్లలకు అంటింపు బొమ్మ ఒకటి ఇచ్చారు. ఎదుట దిగులుగా ఉన్న ఒక చేతిబొమ్మను ఉంచారు. కొందఱికి, ఇది నువ్వే ఉంచుకోవచ్చు లేదా దానికి ఇవ్వవచ్చు, నీ ఇష్టం అన్నారు. కొందఱికి ఆ ఎంపిక లేదు, ఇవ్వవలసిందే. తరువాత ఇంకొక కొత్త చేతిబొమ్మను తెచ్చి, ఈసారి ఎవరు ఎన్ని పంచుకొంటారో చూశారు. ముందు తన ఇష్టంతో ఇచ్చినవారు ఎక్కువ పంచారు. వద్దనే వీలు లేకుండా ఇచ్చినవారికి ఆ ఇవ్వడం వలన ఏమీ రాలేదు. వద్దనగలిగిన నోటి నుండి వచ్చినదే "ఇదుగో" అన్న మాట. ధర్మశాస్త్రం స్వత్వమన్నదీ ఇదే.

పిల్లలు పుట్టుకతో స్వార్థపరులు, లాగకపోతే ఇవ్వడం రాదు అన్నది ఇంకొక వాదం. ఈ వాదం చేసేవారు పాకే పిల్లను ఎత్తుకోలేదని నా అనుమానం. సగం నమిలిన బిస్కత్తును తీసి తాత నోట్లో పెట్టని పిల్ల తెలుగునాట ఎక్కడైనా ఉన్నదా? హ్యారియట్ రైన్‌గోల్డ్, ఆమె సహచరులు 1976లోనే వ్రాశారు: ఏడాదిన్నర పిల్లలు ఎవరూ అడగకుండానే బొమ్మలు తెచ్చి తల్లిదండ్రులకే కాక, కొత్తవారికి కూడ చూపిస్తారు, చేతిలో పెడతారు. ఇవ్వడం వాళ్ళకు వచ్చు. మఱల తీసుకొనే హక్కుతో ఇస్తారు, అంతే. మనకు ఆ రెండవ సగం నచ్చదు.

ఇంకొక అభ్యంతరం బలమైనదే. ఈ గగనచుంబి భవనాలలో ఒక్కొక్క ఇంట గది నిండా బొమ్మలు. వాటిని తగ్గించవద్దా అని. తగ్గించండి. కొన్నది ఎవరు? 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెఱచిన నాటి నుండి ఈ బండరాళ్ళ ప్రాంతం ఎంత ఎత్తు పెరిగిందో ఇంట్లోని వస్తువులూ అంతే పెరిగాయి. రెండు షిఫ్టుల మధ్య పిల్లతో గడపలేకపోయిన గంటలన్నీ బొమ్మలై అఱలలో కూర్చున్నాయి. అమ్మానాన్నల బదులుగా వచ్చిన బొమ్మను, ఎక్కువైందని అమ్మానాన్నలే తీసుకుపోతే, ఆ లెక్క పిల్లకు ఎలా అర్థం కావాలి? కొనడం ఆపండి. దానికి పిల్ల అనుమతి అక్కఱలేదు.

"ఇప్పుడు ఇచ్చెయ్, రేపు దీనికంటె పెద్దది కొంటాను" అన్న మాట గుఱించి విడిగా చెప్పాలి. రోచెస్టర్‌లో సెలెస్ట్ కిడ్, సహచరులు 2013లో ప్రకటించినది అందఱూ చదవవలసినది. 28 మంది పిల్లలలో సగంమందికి ముందుగా మంచి రంగులు తెస్తామని చెప్పి తెచ్చారు. మిగిలినవారికి చెప్పి తేలేదు. తరువాత, మిఠాయి ముందు పెట్టి, ఆగితే రెండిస్తామన్నారు. మాట నిలబెట్టుకొన్నవారి ఎదుట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, తప్పినవారి ఎదుట మూడు నిమిషాలు. నిగ్రహం పిల్లలో ఎంత ఉన్నదో పెద్దవాడి మాటలోనూ అంత ఉన్నది. రాత్రి తొమ్మిదికి వచ్చే నాన్న "రేపు" అంటే ఎప్పుడో మా భవనంలోని ప్రతి పిల్లకూ తెలుసు.

బాలికల సంగతి విడిచిపెట్టలేను. "అక్కవి కదా, తమ్ముడికి ఇచ్చెయ్." ఈ వాక్యాన్ని నేను నూఱు ఇండ్లలో విన్నాను, "అన్నవి కదా, చెల్లికి ఇచ్చెయ్" అన్నది అందులో పదోవంతు కూడ వినలేదు. నాలుగేళ్ళప్పుడు బొమ్మ ఇచ్చేసిన అక్క పద్నాలుగేళ్ళప్పుడు చదువు ఇచ్చేసింది. నా తఱగతిలో హాజరుపట్టీలోంచి కొట్టివేసిన పేర్లలో తమ్ముళ్ళ కోసం మానినవారు ఎందఱో. అప్పుడు కూడ అందఱూ "ఎంత బుద్ధిమంతురాలో" అనే అన్నారు.

ఈ ప్లేస్కూళ్ళలో సగానికి మాంటిసోరి అని పేరు. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు గనుక ఎవరైనా పెట్టుకోవచ్చు. మారియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మహనీయురాలు. ఆమె పద్ధతిలో ఒక్కొక్క ఉపకరణం గదిలో ఒక్కటే ఉంటుంది. ఒక పిల్ల దానితో పని చేస్తుంటే రెండవ పిల్ల ఆగాలి. మొదటి పిల్ల తనకు చాలనిపించినప్పుడు తీసుకుపోయి అఱలో పెడుతుంది, అప్పుడు రెండవ పిల్ల తీసుకొంటుంది. "ఇంక ఇచ్చెయ్" అని ఉపాధ్యాయిని మధ్యలో వచ్చి లాగదు. ఇచ్చే పిల్లకు పని పూర్తి చేసిన తృప్తి, ఆగే పిల్లకు తన వంతు వస్తుందన్న నమ్మకం. పేరు ఆమెది, పెట్టె వీరిది.

మన బొమ్మలకొలువు కూడ ఇంతే కదా. సంక్రాంతికి కొండపల్లి బొమ్మలు దింపి, మెట్లు కట్టి, పేరంటం ముగిశాక, ఆడపిల్లే ఒక్కొక్క బొమ్మను పాతచీరె పేలికలో చుట్టి పెట్టెలో పడుకోబెడుతుంది. తెల్లపొణికి కఱ్ఱ తేలిక, జాగ్రత్తగా చుట్టకపోతే చేయి విఱుగుతుంది. బొమ్మను విడవడం అక్కడా ఉన్నది. కాని సంవత్సరం తిరిగితే ఆ పెట్టె తెఱుస్తారని పిల్లకు తెలుసు. ఆట ముగించి బొమ్మలు సర్దమని చెప్పడాన్ని నేను కాదనడం లేదు, చెప్పాలి. "ఐదు నిమిషాలలో" అనకండి, నిమిషమంటే ఏమిటో ఆ వయసుకు తెలియదు. "ఈ బండి ఊరు చేరాక" అనండి. చేరనీయండి. అంత ఓపిక లేనివాడు పసిపిల్లల మధ్య ఉద్యోగం చేయరాదు.

చట్టం మాట అడిగితే, 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడవ విభాగం పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కాని ఆ చట్టం దృష్టిలో పిల్ల అంటే 6 నుండి 14 ఏళ్ళ పిల్ల. మూడేళ్ళది దాని నీడకు రాదు. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడికలో ముప్పై ఒకటవ అధికరణం ఆటను హక్కు అన్నది; 1992లో మన దేశం దానిలో చేరింది. మూడేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ వఱకు చదువంతా ఆటగానే ఉండాలని 2022 నాటి జాతీయ పాఠ్యచట్రం చెప్పింది. ఇవన్నీ కాగితాలపై ఉన్నవి. పెట్టె నేలమీద ఉన్నది.

ఆ పెట్టె ఎవరికి చేఱుతుందో కూడ చూశాను. పేదపిల్లలంటే ఎక్కడో దూరాన ఉన్నవారు కాదు. ఆ ప్లేస్కూలులోనే పిల్లల ముక్కులు తుడిచే ఆయమ్మల పిల్లలకు సగం, భవనాలలో అంట్లు తోమేవారి పిల్లలకు సగం. మా మనుమడిని చూసుకొనే ఆయమ్మ ఒకనాడు గేటు దగ్గఱ నాతో అన్నది: "పెద్దసారూ, బాబు అట్ల ఏడ్సుకుంట డబ్బల ఏసిండు. ఆ బొమ్మ నా బిడ్డ చేతిల ఎట్ల వెట్టాలె? ఏడ్సిన బొమ్మ మాకొద్దు సారూ." ఆమె తన వంతు తీసుకోలేదు. తీసుకోనందుకు, ఇచ్చినవి వద్దంటున్నదని, పొగరని లోపల నుండి మాట పడింది. పదిమంది పిల్లలు ఏడ్చి ఇచ్చినదానికి నక్షత్రాలు అంటించిన చోట, ఆలోచించి వద్దన్న ఒక్క మనిషికి దక్కినది ఆ మాట.

ఈసారి తాఖీదు వస్తే అడగడానికి నేను కొన్ని ప్రశ్నలు సిద్ధం చేసుకొన్నాను. మీలో ఆ వయసు పిల్లలో మనుమలో ఉన్నవారు అడిగి చూడండి. ఇవ్వను అన్న పిల్లకు కూడ ఆ శుక్రవారం నక్షత్రం ఉంటుందా? పెట్టెలో మొదట ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తమకు మిక్కిలి ఇష్టమైన వస్తువును వేస్తారా, అదీ పిల్లల ఎదుట? ఛాయాచిత్రం మానగలరా? ఇక అన్నిటికంటె ముందు అడగవలసినది, ఏడాదికి లక్షల రుసుము పుచ్చుకొనే ఆ సంస్థ తన ఆయమ్మకు నెలకెంత ఇస్తున్నది, ఆ జీతంతో ఆమె తన కూతురికి ఒక లక్కబండి కొనగలదా అని.